ఉద్యోగం కొండెక్కిన ఏడు

మా జేజి ఎప్పుడూ దీపం ఆరిపోయిందనేది కాదు. అట్లా అనగూడదంట. "దీపం కొండెక్కింది" అనేది. చిన్నప్పుడు నేను ఆ దీపం ఏ కొండెక్కిందో చూద్దామని మైదుకూరుకు తూర్పున కనపడే కొండల వైపు చూసేవాణ్ని. 2023 మార్చిలో బెంగళూరులో నా ఉద్యోగం పోయినప్పుడు మొదట గుర్తొచ్చింది ఆ మాటే. ఉద్యోగం కొండెక్కింది! కాస్త నవ్వు కూడా వచ్చింది, ఎందుకంటే అప్పటికి కొన్నేళ్లుగా శని, ఆదివారాలు నేను చేస్తున్న పని కూడా అదే. కొండలెక్కడం.

కొండలెక్కడం అంటే తిరుమల మెట్లెక్కడం కాదు. నిటారుగా ఉన్న బండని చేతివేళ్లతో, కాలివేళ్లతో పట్టుకుని పాకడం. మొదటిసారి ఫోటోలు చూపించినప్పుడు మా అమ్మ ఒకటే అడిగింది, "అంత కష్టపడి ఎక్కితే పైన దేవుడన్నా ఉండాల గదరా?" అని. దీనికి నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు :)

ఈ ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. బండ మీద అక్కడక్కడా బోల్టులు బిగించి ఉంటాయి. నడుముకు కట్టుకున్న తాడుని ఒక్కో బోల్టుకు తగిలించుకుంటూ పైకి పోవాలి. ఆ తాడు రెండో కొస కింద నిలబడ్డ మనిషి చేతిలో ఉంటుంది. చివరగా తాడు తగిలించిన బోల్టుకి రెండు మీటర్లు పైన ఉన్నప్పుడు చెయ్యి జారిందనుకోండి, బోల్టు దాకా రెండు మీటర్లు, దాని కింద మళ్లీ రెండు మీటర్లు, ఆ పైన తాడు సాగినంత పడతాం. తాడు సాగుతుంది కాబట్టే నడుము విరగదు. కింద మనిషి సరిగ్గా పట్టుకుంటాడు కాబట్టి నేలకు తగలం. పడటం ఈ ఆటలో తప్పు కాదు. పడకపోతే నువ్వు నీకు చేతనైనదే మళ్లీ మళ్లీ చేస్తున్నావని అర్థం. నేను బాగానే పడేవాణ్ని. దాంట్లో నాకు మంచి పేరే ఉండేది.

సరే, ఉద్యోగం సంగతి. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేసినప్పుడు మేమంతా క్యాంటీన్లో కూర్చుని వాళ్లకు పడ్డ పరిహారం ఎన్ని నెలల జీతమో లెక్కలేసుకున్నాం. మా వంతు వస్తుందని అనుకోలేదు. వచ్చింది. మాది పేపర్లో పడేంత పెద్ద కంపెనీ కాదు. పదిహేను నిమిషాల వీడియో కాల్, రెండు నెలల జీతం, ల్యాప్‌టాప్ వెనక్కి పంపడానికి ఒక అట్టపెట్టె. అంతే.

మొదటి వారం నేను ఏడవలేదు సరికదా, సంబరపడ్డాను. నిజం. తురహళ్లి అడవిలో బండరాళ్లు మా గదికి దగ్గరే. వారమంతా అక్కడే ఉన్నాను. అమెరికాలో యోసమిటీ లోయలో క్యాంప్ ఫోర్ అని ఒక చోటుంది, ఉద్యోగం సద్యోగం లేకుండా డేరాలో పడుకుని ఏళ్ల తరబడి కొండలెక్కినవాళ్ల కథలకు అది పుట్టిల్లు. నేనూ ఆ బాపతే అయిపోయానని గర్వపడ్డాను. ఎనిమిదో రోజుకు వేళ్ల చర్మం ఊడిపోయింది. తొమ్మిదో రోజు ఇంటద్దె కట్టాల్సిన తేదీ.

అందరూ మాంద్యం వస్తే ఇట్లాంటి సరదాలు డబ్బుల్లేక ఆగిపోతాయనుకుంటారు. నా అనుభవంలో డబ్బు అంత పెద్ద అడ్డు కాలేదండీ. బూట్లు తొమ్మిది వేలు పెట్టి కొన్నానే అనుకోండి, అవి అరిగితే అరికాలి రబ్బరు మార్పించుకోవచ్చు. జీతం ఉన్న రోజుల్లో బొటనవేలి దగ్గర కాస్త పలచబడగానే కొత్త జత చూసేవాణ్ని. జీతం పోయాక అదే జతతో ఇంకో ఏడాది ఎక్కొచ్చని తెలిసింది. గోడలెక్కే జిమ్ముకు నెలనెలా కట్టే డబ్బు మానేశాను, రాళ్లకు టికెట్టు లేదు కదా! రామనగరకు క్యాబ్ బదులు మైసూరు వైపు పోయే రైలెక్కితే టికెట్టు బెంగళూరు కాఫీ ఖరీదు కూడా కాదు. జీతం ఉన్నప్పుడు టైం ఉండేది కాదు, ఇప్పుడు కావలసినంత ఉంది. కాగితం మీద లెక్కేస్తే నా కొండలెక్కుడు రెండింతలు కావాలి.

కాలేదు. ఎందుకు కాలేదో చెప్పడానికే ఈ టపా.

ఏప్రిల్లో రామనగర వెళ్లాం. షోలే సినిమా తీసిన కొండలు. అంతకుముందు ఆరేడుసార్లు ప్రయత్నించి, ప్రతిసారీ ఒకే చోట జారి పడ్డ దారి ఒకటి అక్కడుంది. బోల్టు మోకాళ్ల కిందికి పోయాక ఎడమ చేత్తో చిన్న అంచు పట్టుకుని, కుడి చెయ్యి పైకి విసరాలి. దొరికితే దొరికింది, లేకపోతే పడటమే. ఆ రోజు నేను ఆ అంచు దాకా పోయాను. చెయ్యి విసరలేదు. కాళ్లు కుట్టుమిషను లాగా వణకడం మొదలెట్టాయి. కిందనుంచి మావాడు "పట్టుకున్నా, పడు" అని అరుస్తున్నాడు. నా బుర్రలో మాత్రం ఒకటే తేదీ తిరుగుతోంది. ఏప్రిల్ ముప్పై. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ ఆఖరి రోజు.

అందులో నేనొక్కణ్నే కాదు, అమ్మా నాయనా కూడా ఉన్నారు. ఏడాదిన్నర కిందట నాయనకు గుండెకు స్టెంటు వేయించింది ఆ కార్డు మీదే. పొలం అమ్మకుండా, ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా ఆ గండం గట్టెక్కింది. ఇప్పుడు బయట పాలసీ తీసుకుందామంటే ఆయనకున్న జబ్బు ముందునుంచీ ఉన్న జబ్బు కిందికి వస్తుంది, ఏళ్ల తరబడి ఆగాలి. నా వరకు నేనొకటి తీసుకుందామని నిబంధనలు చదివితే మన బీమా నియంత్రణ సంస్థ పెట్టిన ప్రామాణిక మినహాయింపుల్లో తొమ్మిదోది కనపడింది. సాహస క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొని దెబ్బ తగిలితే కంపెనీ డబ్బివ్వదు. రాక్ క్లైంబింగ్ పేరు పెట్టి మరీ రాశారు. నేను ప్రొఫెషనల్‌ని కాదు, సరదాగా ఎక్కేవాణ్ని. కానీ వేరే పనేదీ లేనివాడు రోజూ కొండెక్కుతుంటే, రేపు ఆసుపత్రి బిల్లు చేతిలో పెట్టుకుని "నా వృత్తి ఇది కాదు" అని ఏ కాగితం చూపించాలి? అప్పుడు నవ్వొచ్చిన ప్రశ్నే, ఆ అంచు పట్టుకుని వేలాడుతున్నప్పుడు నవ్వు రాలేదు.

నేను మెల్లగా దిగి కిందకొచ్చేశాను. నాలో బలం తగ్గలేదు, వేళ్లు అవే, బండ అదే. పోయింది పడే ధైర్యం. నేను అన్నాళ్లూ ధైర్యం అనుకున్నది సగం జీతమేనని ఆ రోజు తెలిసింది. కాలు విరిగితే ఆసుపత్రి ఖర్చు కార్డు చూసుకుంటుంది, ఆరు వారాలు ఇంట్లో కూర్చుని కోడు రాసుకోవచ్చు. ఆ భరోసా మీద పడేవాణ్ని నేను. పైగా ఉద్యోగం వెతుక్కునేవాడు ప్లాస్టరు చేత్తో కోడింగ్ పరీక్ష ఎట్లా రాస్తాడు?

రెండో దెబ్బ ఇంకోరకంగా తగిలింది. మేం మొత్తం నలుగురం. 2021లో తలా ఇంత వేసుకుని అరవై మీటర్ల తాడు కొన్నాం. నాతో పాటే ఇంకొకడి ఉద్యోగం పోయింది, వాడు పూణేలో దొరికిందని వెళ్లిపోయాడు. ఒకామె కెనడాకి. నాలుగోవాడికి ఉద్యోగం ఉంది కానీ టీములో సగం మందిని తీసేసి వాళ్ల పని కూడా వీడి నెత్తిన వేశారు, శనివారాలు కూడా ఆఫీసే. తాడు ఎవరి దగ్గర ఉండాలనే దాని మీద పెద్ద చర్చ జరిగింది, విడాకులప్పుడు పిల్లల గురించి మాట్లాడుకున్నట్టు. నాకు ఖాళీ ఎక్కువ కాబట్టి నాకిచ్చారు. నా దగ్గర అరవై మీటర్ల తాడుంది, రెండో కొస పట్టుకునే మనిషి లేడు. బూట్లు అప్పు తెచ్చుకోవచ్చు. తాడు పట్టుకునేవాణ్ని ఎక్కడ తెచ్చుకోవడం? వాడు నీ బరువు, నీ భయం, నువ్వు ఏ క్షణంలో జారతావో తెలిసినవాడై ఉండాలి. అది కుదరడానికి మాకు రెండేళ్లు పట్టింది. చెదిరిపోవడానికి రెండు నెలలు చాలింది.

మే నెలలో గది ఖాళీ చేసి మైదుకూరుకు వచ్చేశాను. నాయన వసారాలో కూర్చుని ఉన్నాడు.

"ఏమిరా, ఉద్యోగం పాయనా?"

"పాయ, నాయనా."

"సరే, కాళ్లు కడుక్కోని తిను."

అంతే. తర్వాత రెండు రోజులకు అడిగాడు, ఈ మాంద్యం అంటే ఏందిరా అని. నేను వడ్డీ రేట్లు, అమెరికా, కరోనా అప్పుడు ఎక్కువమందిని తీసుకోవడం అన్నీ చెప్పాను. ఓపిగ్గా విని, "అంటే ధర బాగుందని ఊరంతా పసుపేస్తే, మరుసటేడు కొనేవోడు లేకపాయనంటావు" అన్నాడు. నాలుగేళ్ల ఇంజనీరింగు చదువులో నాకింత చక్కగా ఎవరూ చెప్పలేదు. కేసీ కాలవకి నీళ్లొస్తాయో రావో, వచ్చినా పండిన పసుపుకి ధర ఉంటుందో ఉండదో తెలియకుండా ఆయన నలభై ఏళ్లుగా చేస్తున్నది తాడు లేని ఎక్కుడే కదా.

ఖాళీగా ఉన్నప్పుడు 1930ల నాటి మహామాంద్యంలో కొండలెక్కేవాళ్లు ఏం చేశారా అని చదివాను. నాలాగా భయపడ్డారని చదువుకుంటే కాస్త ఊరటగా ఉంటుందని ఆశ. అట్లా ఏం లేదు! 1931లో మ్యూనిక్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు, ఫ్రాంజ్ ష్మిడ్, టోనీ ష్మిడ్, రైలుకు డబ్బుల్లేక సైకిళ్లేసుకుని స్విట్జర్లాండ్ పోయి, అప్పటిదాకా ఎవరూ ఎక్కని మాటర్‌హార్న్ ఉత్తర ముఖం ఎక్కి, మళ్లీ సైకిళ్ల మీదే ఇంటికెళ్లారు. స్కాట్లాండ్‌లో క్లైడ్ నది ఒడ్డున ఓడలు కట్టే పనులు ఆగిపోయి కుర్రాళ్లు వీధిన పడ్డప్పుడు, అక్కడ క్రీగ్ దూ అని ఒక క్లబ్బు మొదలైంది, 1930లో. దారిన పోయే బండ్లను ఆపి ఎక్కి, బండల కింద పడుకుని, అంతకుముందు డబ్బున్న దొరల ఆటగా ఉన్నదాన్ని తమ ఆట చేసుకున్నారు. మాంద్యం వాళ్ల ఆటను చంపలేదు, పెంచింది. మరి మమ్మల్నెందుకు చెదరగొట్టింది?

నాకు తోచింది చెప్తాను. వాళ్లకు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు, ఊరంతా ఒకేసారి పనిలేకుండా ఉన్నారు కాబట్టి తాడు పట్టుకునేవాడికి కొదవ లేదు. మాకట్లా కాదు. ఒకడి ఉద్యోగం పోతుంది, పక్కవాడికి పని రెట్టింపవుతుంది, మూడోవాడు దేశం దాటతాడు. అయితే దీన్ని మరీ అందంగా చూడకూడదు. టోనీ ష్మిడ్ మరుసటేడే, 1932లో, ఇంకో కొండ మీద పడి చచ్చిపోయాడు. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడి ధైర్యానికి కూడా ఖరీదుంది.

మనవాళ్లలో మల్లి మస్తాన్ బాబు గుర్తొచ్చాడు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం అనే ఊరివాడు. ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం. మధ్యలో సత్యంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాడు. 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్ కొండల్లో చనిపోయాడు. మా ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన గురించి ఎవరైనా చెప్తే "అంత జీతం వదిలేసి!" అనేవాళ్లం. ఆయన వదిలేశాడు, నన్ను వదిలించారు. ఈ రెండింటికీ ఉన్న తేడా నాకు అప్పటికి తెలియదు. ఆయన పనిచేసిన సత్యమే 2009 జనవరి 7న, చైర్మన్ లెక్కల్లో చేసిన మోసం ఒప్పుకున్న రోజు నుంచి, వేలమందికి నిద్ర లేకుండా చేసింది.

జూన్‌లో ఇంట్లో ఉండలేక తాడు భుజానేసుకుని బైకు మీద గండికోట పోయాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా రెండు గంటలు. పెన్నా కోసుకుంటూ పోయిన ఆ లోయ ఫోటోలు మీరంతా చూసే ఉంటారు. ఎర్రటి బండలు, పలకలు పలకలుగా, చేతికి భలే పట్టు దొరికే రాయి. అక్కడ ఒక పిల్లోడు పరిచయమయ్యాడు, పక్క పల్లె. టెంట్లేసి పర్యాటకుల్ని దించే వాళ్ల దగ్గర వారాంతాల్లో తాళ్లు కట్టే పని. వాడు పెద్ద కష్టమేం లేనట్టు ఉత్త కాళ్లతో బండెక్కుతాడు.

"ఈ మజ్జన బెంగళూరు కార్లు తగ్గినాయన్నా. శనివారం గూడా సగం టెంట్లు ఖాళీ" అన్నాడు.

నేను ఏం చెప్పను? ఆ కార్లలో ఒకటి నాదే. (సరే, నా స్నేహితుడిది.) మేం ఒక వారం రాకపోతే వీడికి ఆ వారం కూలి లేదు. వీణ్ని తీసేస్తున్నామని పదిహేను నిమిషాల కాల్ చేసేవాడు కూడా ఉండడు.

తాడు పట్టుకోవడం వాడికి ముందే తెలుసు. మొదటి రోజు వాడి ముడి రెండుసార్లు తడిమి చూశాను, వాడు నా ముడి మూడుసార్లు తడిమి చూశాడు. అప్పుడు నమ్మకం కుదిరింది. ఎంత తీసుకుంటావు రోజుకు అని అడిగితే, "నువ్వు గూడా పని లేనోడివే గదన్నా, ఏమిస్తావు? నాకు ఆ బూట్లేసుకోని ఎక్కేది నేర్పు చాలు" అన్నాడు. ఆ ఐదారు నెలలూ వారానికి రెండుసార్లు పోయాను. తాడు ముందే పైన చెట్టుకో బండకో కట్టి, దాని కిందే ఎక్కేవాణ్ని. అట్లా అయితే జారినా జానెడే కిందికి. మాలో దీన్ని పిల్లల ఆట అంటారు. నేను సిగ్గుపడలేదు. నా పాలసీకి సరిపోయినంత ఎత్తే నేను పడతాను.

ఈ పిల్లోడి సంగతి చెప్పినప్పుడే మా చిన్నాయన ఒక ముచ్చట చెప్పాడు. నల్లమలలో చెంచులు కొండ చరియలకు పట్టిన తేనె కోసం తాడు కట్టుకుని పైనుంచి కిందికి దిగుతారు కదా. పైన తాడు పట్టుకునేది ఎవరో తెలుసా? బావమరిది. అన్నదమ్ములు కాదు, స్నేహితులు కాదు. తాడు వదిలితే తాళి తెగేది తన తోడబుట్టినదానిదే కాబట్టి వాడు ప్రాణం పోయినా వదలడంట. ఏ నియంత్రణ సంస్థా లేని చోట మనుషులు రాసుకున్న పాలసీ! అందులో తొమ్మిదో మినహాయింపు లేదు.

నవంబరులో హైదరాబాదులో ఉద్యోగం దొరికింది. జీతం పాతదానికంటే తక్కువ. హెచ్‌ఆర్ అమ్మాయి మీకేమైనా సందేహాలున్నాయా అంటే, ఇన్సూరెన్స్ మొదటి రోజు నుంచే ఉంటుందా, అమ్మా నాయనకు కూడా ఉంటుందా, పాత జబ్బులకు ఆగాల్సిన పని ఉందా అని వరసబెట్టి అడిగాను. పని ఏమిటని అడగడం మర్చిపోయాను.

ఇక్కడికొచ్చాక ఇంకో తమాషా. హైదరాబాదు కొండలెక్కేవాళ్లకు స్వర్గం, ఇంటి పక్కనే వందల కోట్ల ఏళ్లనాటి గ్రానైటు బండలు. కానీ మా పరిశ్రమ బాగున్నప్పుడల్లా ఆ బండలే పేలతాయి. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు మేం కూర్చుని పనిచేసే అద్దాల మేడలు చాలావరకు రాళ్లు పగలగొట్టి కట్టినవే. వాటిని కాపాడాలని 1996 నుంచీ ఇక్కడ ఒక సంఘం పోరాడుతోంది. 2025లో యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు ఐటీ పార్కులకని చదును చేయబోతే సుప్రీంకోర్టు ఆపింది. అంటే నా జీతం పెరిగే కాలంలో నేనెక్కే రాయి పోతుంది, రాయి మిగిలే కాలంలో నా జీతం పోతుంది. ఏ కాలం రావాలని కోరుకోవాలో మీరే చెప్పండి.

2025 జులైలో టీసీఎస్ 12,000 మందికి పైగా తగ్గిస్తానన్నప్పుడు మా ఖాజాగూడ రాళ్ల దగ్గర గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరు ఎక్కడ పనిచేస్తారో అప్పటిదాకా అడగని వాళ్లు కూడా అడిగారు. ఒకబ్బాయి బండ మధ్యలో ఆగిపోయి, చెయ్యి విసరకుండా మెల్లగా కిందకు దిగొచ్చాడు. ఏమైందని నేను అడగలేదు. నీళ్ల సీసా ఇచ్చాను.

నా తాడు మాత్రం నాతో రాలేదు. గండికోట పిల్లోడికి ఇచ్చేసి వచ్చాను, మిగతా ముగ్గురికీ ఫోన్ చేసి అడిగాకే. ఈ తాళ్లు వాడినా వాడకపోయినా పదేళ్లు దాటితే నమ్మకూడదు, ఆ నైలానుకు వయసు అయిపోతుంది. మొన్న వాడు ఫోన్ చేసినప్పుడు ఆ సంగతే మళ్లీ గుర్తు చేశాను. "ఒరే, 2031 దాటినాక దాన్నేసుకోని ఎవర్నీ దించొద్దు. పసుపు మూటలు కట్టుకో, ఎద్దును కట్టుకో, మనిషిని మాత్రం కట్టొద్దు" అన్నాను.

"సరేలేన్నా, నేను మరిసిపోతే నువ్వు చెప్తావు గదా" అన్నాడు. "ఇంతకీ ఈ శనివారం కార్లేమన్నా బయలుదేరుతాండాయా?"